వెచ్చని బోల్టు

మైపాడు రోడ్డులో ముసురు.
ఎడగారు కోసేసిన మడుల్లో మోకాటి లోతు చీకటి,
అందులో ఎక్కడో ఎనిమిదొందల బాతులు
నిద్రలోనే గొణుక్కుంటున్నాయి.

చెంగమ్మ ఇల్లు చక్రాల మీద ఉంటుంది.
కోత ఎక్కడైతే గడప అక్కడ:
మొన్న విడవలూరు, నిన్న అల్లూరు, ఇవాళ ఈ గట్టు.
పాత ట్రాక్టరు ట్రక్కు, పైన రేకులు, రేకుల మీద సోలారు పలక.
లోపల పొయ్యి, దుప్పట్లు, ఫోను ఛార్జరు,
ఒక మూల అట్టపెట్టెలో ఊక పోసి
ఆరు రోజుల పిల్లలు.
వాటిపైన వేలాడే హెడ్‌లైటు బల్బే తల్లి రెక్క.

"నిన్న రాత్రి పదకొండు పొయినాయి సామీ" అంది.
"లైటుండాది. వేడే ల్యా."

నేను బ్యాటరీ వైపు చూడలేదు.
చూడకుండానే తెలుసు దాని మీది స్టిక్కరు.
మా అంగడిది. నెల కూడా కాలేదు.
పాతది మోసుకొచ్చి బల్ల మీద పెట్టినప్పుడు
"ఇది చచ్చిపోయింది, కొత్తది వేసుకో" అన్నది నేనే.
మీటరు అప్పుడు గోడమేకుకి వేలాడుతూనే ఉంది.

ఇప్పుడు తీశాను.

బ్యాటరీ కొనల మీద పన్నెండూ పాయింట్ మూడు.
బల్బు కొనల మీద తొమ్మిదీ పాయింట్ రెండు.
నడుమ మూడు ఓల్టులకు పైగా
ఎవరో దారికాచి దోచుకుంటున్నారు.

పోయే తీగను పట్టుకున్నాను ముందు.
ఎవరైనా దాన్నే అనుమానిస్తారు, ఎర్రగా ఉంటుంది గనక.
ఫ్యూజు, స్విచ్చి, ఎలుక కొరికిన చోట
చెంగమ్మ చుట్టిన చీరపేలిక,
అంతా కలిపి పాయింట్ రెండు.
పాపం, దాని తప్పేమీ లేదు.

ఇక మిగిలింది తిరిగొచ్చే దారి.
నల్లతీగను ఛాసీకి బిగించిన చోటికి
బురదలో వెల్లకిలా దూరాను.
టార్చి పళ్ల మధ్య. వానచుక్క చెవిలో.
సముద్రపు ఉప్పు, బాతుల రెట్ట, రంగు మీద రంగు,
ఆ రంగు గీకకుండానే
ఎవడో బోల్టు బిగించి తన కూలి తీసుకుని పోయాడు.
మీటరు ముళ్లు ఆనించాను. రెండూ పాయింట్ తొమ్మిది.

వేలు పెట్టి చూశాను.

చలిరాత్రి, నీళ్లు కారే ఆ ఇనుములో
ఒక్క బోల్టు మాత్రం
పొదుగు మీదున్న పెట్ట పొట్టలా వెచ్చగా ఉంది.
పిల్లలకు చేరాల్సిన వేడి
రాత్రంతా అది తాగింది.
కాసేపు వేలు తీయలేకపోయాను.

ఉప్పు తిన్న ఇనుముకి ఉప్పుకాగితమే మందు.
పన్నెండు-పదమూడు స్పానరు, వెండిమెరుపు తేలేదాకా గీకుడు,
కొత్త లగ్గు, కొత్త వాషరు, పైన ఇంత వ్యాజ్‌లీను.

"అమ్మో" అని పైనుంచి కేక.
బల్బు పసుపు వదిలి తెలుపెక్కింది.
ఒకదాని మీదొకటి గుట్టపడ్డ పిల్లలు
విడివిడిగా జరిగి, ఊకలో మెడలు చాపి,
కొన్నయితే ఎండకు విసుక్కున్నట్టు మూలలకు నడిచాయి.
చెంగమ్మ బల్బు తాడు జానెడు పైకి లాగి కట్టింది.
పిల్లల్ని లెక్కపెట్టింది.
నమ్మకం చాలక మళ్లీ లెక్కపెట్టింది.

"అయితే బ్యాటరీ బాగుండాదా?"
"బాగుంది."

టీ గ్లాసు నా చేతికిచ్చి, కాసేపాగి,
"ముందుటిది?" అంది.

ముందుటిది మా అంగడి వెనక
తూకానికి పోవాల్సిన గుట్టలో ఉంది.
కొత్తదానికి ఆమె లెక్కపెట్టి ఇచ్చిన నోట్లకి
గుడ్ల వాసన ఉండేది, గుర్తుంది.
రేపు పొద్దున్నే దాన్ని ఛార్జింగుకి పెట్టి చూస్తానన్నాను.
ఆమె సరేననలేదు, వద్దనలేదు.
ఖాళీ గ్లాసు కడిగి బోర్లించింది.

ముసురు తగ్గలేదు.
స్కూటరు తీస్తూ, ఆ వెచ్చన ఇంకా ఉందేమోనని
వేలు చెంపకు ఆనించుకున్నాను.
వ్యాజ్‌లీను చల్లగా అంటింది.